రెండో కాగితం

కెనడా కాగితాల్లో సూర్యకుమారి పేరు పైనా, ఆమె భర్త పేరు కిందా ఉండటానికి కారణం ఆ భర్తే. యాభై ఎనిమిదేళ్ళ జీవితంలో ఆవిడ పేరు పైన ఉన్న కాగితం అదొక్కటే. ఇంటి పన్ను రసీదులో ఆవిడ పేరు లేదు. గ్యాసు బుక్కులో లేదు. శుభలేఖలో ఉంది గాని, కింద ఉంది.

వాళ్ళకి ఒక్కతే కూతురు, దుర్గాశ్రీ. టొరంటో దగ్గర ఒక ఆసుపత్రిలో నర్సు. అమ్మనీ నాన్ననీ శాశ్వతంగా అక్కడ ఉండే హక్కుతో పిలిపించుకుందామని దరఖాస్తు పెడుతూ, మొదటి పేరు ఎవరిది రాయమంటారని ఫోనులో అడిగింది.

"అమ్మదే రాయి," అన్నాడు ఆదినారాయణ. "నేనక్కడికి కాపరానికి రావట్లేదు తల్లీ. మీ అమ్మకి తోడొస్తున్నాను. తోడొచ్చేవాడి పేరు కిందే ఉండాలి."

"నాన్నా, ఇది బస్సు టిక్కెట్టు కాదు."

"ఏదైనా అంతే. కొబ్బరికాయ దింపు దింపుకీ మధ్య నలభై అయిదు రోజులుంటాయి. ఆ లోపల దిగబెట్టేసి వచ్చేస్తాను."

ఆయనకి మురమళ్ళ అవతల కాలవ గట్టున నాలుగెకరాల కొబ్బరితోట ఉంది. కాయ దింపించే రోజుల్ని బట్టే ఆయన పెళ్ళిళ్ళకీ చావులకీ వెళ్ళేవాడు. కెనడా విషయంలో ఆయనకి పట్టింపు ఒక్కటే. కూతురు పంపిన ఫొటోలో మంచులో నిలబడ్డ చెట్లకి ఒక్క ఆకు లేదు. అవి బతికే ఉన్నాయనీ, వేసవికి మళ్ళీ చిగురిస్తాయనీ దుర్గాశ్రీ చెబితే ఆయన నమ్మలేదు. కొబ్బరిచెట్టుకి మొవ్వు ఎండి తల రాలిపోయిందంటే ఇక అది చెట్టు కాదు, వాసం. "వెళ్ళి గోటితో గీకి చూస్తాను. పచ్చగా ఉంటే ఒప్పుకుంటాను," అన్నాడు.

ఫిబ్రవరిలో ఇద్దరూ హైదరాబాదు వెళ్ళి డాక్టరు పరీక్షలు చేయించుకున్నారు. మే నెలలో కాగితాలొచ్చాయి. మనిషికొకటి, ఒక్కోదాని మీదా ఒక ఫొటో. ఫొటోలో ఆదినారాయణ చొక్కా గుండీ మెడ దాకా పెట్టుకుని, అప్పు అడగడానికి వచ్చినవాడిలా ఉన్నాడు. ఫిబ్రవరి పందొమ్మిదిలోగా ఆ దేశంలో దిగాలి, ఆ తేదీ దాటితే కాగితం చెల్లదు, అక్కడి ఆఫీసరు ఎదుట తప్ప దాని మీద సంతకం పెట్టకూడదు అని దుర్గాశ్రీ మూడుసార్లు చెప్పింది.

జూన్ రెండో వారంలో ఒక పొద్దున్న ఆదినారాయణ దింపిన కాయ లెక్క పెట్టించి, నూతి చప్టా మీద కాళ్ళు కడుక్కోవడానికి కూర్చుని, అలాగే పక్కకి ఒరిగిపోయాడు. ఆయన గుండె శుభ్రంగా ఉందని హైదరాబాదు డాక్టరు రాసిచ్చి అప్పటికి నాలుగు నెలలు. కెనడావాళ్ళ లెక్క ప్రకారం ఆయన ఇంకో ఎనిమిది నెలలు ఆరోగ్యవంతుడు.

దుర్గాశ్రీ వచ్చి, కార్యాలయ్యేదాకా ఉండి వెళ్ళింది. వెళ్ళాక ఆ ఆఫీసుకి సంగతి రాసింది. వాళ్ళ జవాబు రెండు వాక్యాలు. ముఖ్యమైన దరఖాస్తు భార్యది కాబట్టి ఆవిడ రావచ్చు. సరిహద్దు దగ్గర ఆఫీసరుకి భర్త మరణం సంగతి ఆవిడే చెప్పి, రెండో కాగితం అప్పగించాలి.

పై పేరు ఆయనదై ఉంటే రెండు కాగితాలూ ఆయనతోనే పోయేవి. ఆ మాట దుర్గాశ్రీ ఫోనులో చెబితే సూర్యకుమారి "ఊఁ" అని, పొయ్యి మీద పాలున్నాయని పెట్టేసింది. పొయ్యి మీద పాలు లేవు.

సరిహద్దు దగ్గర చెప్పాలి. ఇదే చిక్కు. ఆ ఎనిమిది నెలల్లో సూర్యకుమారి ఆ మాట ఎవరితోనూ అనలేదు. అనవలసిన అవసరం ఎవరూ రానివ్వలేదు. పంచాయతీలో ఆడపడుచు చెప్పింది. బ్యాంకులో ఆడపడుచు కొడుకు చెప్పాడు. గ్యాసు కుర్రాడికి పక్కింటివాళ్ళు చెప్పారు. దుర్గాశ్రీ కూడా ఫోనులో "నాన్న విషయం" అనేది. నాన్న విషయం జరిగాక, నాన్న విషయానికి ముందు. సూర్యకుమారి తలూపేది. ఫోనులో తల ఊపితే అవతలికి తెలియదని ఆవిడకి తెలుసు.

*

వెళ్ళడానికి మొదటి అడ్డంకి ఆడపడుచు రాజ్యం. ఆదినారాయణకి అక్క, డెబ్భై దాటిన మనిషి. పక్క వీధిలోనే ఇల్లు. ఏడాది తిరక్కుండా భర్త పోయిన ఆడది సముద్రం దాటడం ఏమిటని సంక్రాంతి ముందు మొదలుపెట్టి, కనుమ నాటికి దారి కూడా తనే కనిపెట్టింది.

"అమ్మాయ్ సూర్యకుమారీ, నిద్రలు ఎన్ని చేసేవు నువ్వు?"

మనిషి పోయిన ఇంటివాళ్ళని కార్యాలయ్యాక అయినవాళ్ళు తీసుకెళ్ళి, రాత్రి తమ ఇంట్లో పడుకోబెట్టుకుని పంపుతారు. దాన్నే నిద్ర చేయించడం అంటారు.

"మీ ఇంట్లో ఒకటండీ వదినగారూ. కొత్తపేటలో మా అన్నయ్యగారింట్లో ఒకటి."

"కూతురింట్లో?"

"అది కెనడాలో ఉంది కదండీ."

"ఆయ్. అంటే మిగిలిపోయిందన్న మాట. వెళ్ళి మూడు రాత్రులు నిద్ర చేసి వచ్చేసెయ్. నిద్రకి ఏడాదితో పన్లేదు. ఎవడైనా అడిగితే నా పేరు చెప్పు."

కెనడా ప్రభుత్వం శాశ్వత నివాసమని ఇచ్చింది. రాజ్యం మూడు రాత్రులని ఇచ్చింది. సూర్యకుమారికి రెండు అనుమతులూ వచ్చినట్టయింది. తనకేం కావాలో ఆవిడ ఇంకా ఎవరికీ చెప్పలేదు. తనకి తను చెప్పుకున్నట్టు కూడా లేదు.

ఇంగ్లీషు నేర్పడానికి యేసురత్నం మాస్టారు ఒప్పుకున్నారు. ముప్ఫై నాలుగేళ్ళు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైనాయన. సూర్యకుమారి చదువు ఆరో తరగతిలో ఆగింది. రోజూ సాయంత్రం నాలుగింటికి మాస్టారు మోపెడ్ మీద వచ్చేవారు. వీధి అరుగు మీద బల్ల వేసి, అవతలి వైపు తను ఆఫీసరుగా కూర్చుని, సూర్యకుమారిని ఇవతల నిలబెట్టేవారు. దుర్గాశ్రీ పంపిన ప్రశ్నలు తొమ్మిది ఆయన దగ్గర కాగితం మీద ఉన్నాయి.

"ఇప్పుడు నేను ఆఫీసర్నండీ. కొంచెం గట్టిగా అడుగుతాను. ఏమీ అనుకోకండి."

"అయ్యో, అడగండి మాస్టారూ."

"వాట్ ఈజ్ యువర్ నేమ్? దయచేసి."

"ఆఫీసరు దయచేసి అంటాడా?" అంది గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న రాజ్యం.

"మంచి ఆఫీసరైతే అంటాడండీ."

పేరు వచ్చింది. పుట్టిన తేదీ వచ్చింది. కూతురి చిరునామా ఇల్లు నంబరుతో సహా వచ్చింది. తినే వస్తువులేమైనా ఉన్నాయా అంటే, "ఎస్ సర్. పికిల్ సర్. పౌడర్ సర్. నో మీట్, నో సీడ్, నో మట్టి" అనేది. మట్టికి ఇంగ్లీషు ఎన్ని రోజులైనా పట్టుబడలేదు. మట్టి తేవట్లేదు కాబట్టి మాస్టారు వదిలేశారు.

"డూ యూ వాంట్ టు లివ్ హియర్ పర్మనెంట్లీ?"

"ఎస్ సర్."

"మూడు రాత్రులు!" అంది రాజ్యం.

"రాజ్యం గారూ, ఆఫీసులో మధ్యలో మాట్లాడకూడదండీ."

ఏడో ప్రశ్న దగ్గర మాత్రం మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకునేవారు. దరఖాస్తులో ఉన్న మీ భర్త ఎక్కడ? అదీ ప్రశ్న. మొదటి రోజు ఆయన దాన్ని లోపల చదువుకుని, "ఇది మీకు తెలిసిందే కదండీ," అని ఎనిమిదికి వెళ్ళిపోయారు. రెండో రోజు, "ఇది తర్వాత చూద్దామండీ," అన్నారు. తర్వాత రోజుల్లో ఆరు అవగానే ఎనిమిది వచ్చేది. ముప్ఫై నాలుగేళ్ళు పిల్లల్ని బెత్తంతో నడిపించిన మనిషికి ఆ ఒక్క ప్రశ్నకి నోరు పెగల్లేదు. ఆయనా ఆదినారాయణా పాతికేళ్ళు ఒకే పేపరు తెప్పించుకుని సగం సగం చదువుకున్నవాళ్ళు.

చివరి రోజున ఆయనే పరిష్కారం చెప్పారు. "మరణ ధ్రువీకరణ పత్రం ఇంగ్లీషులో కూడా ఉందండి. అది ఇచ్చెయ్యండి. మీరేమీ మాట్లాడక్కర్లేదు. కాగితమే చెబుతుంది."

సూర్యకుమారికి ఆ మాటతో తొమ్మిదింట ఎనిమిది వచ్చినంత ధైర్యం వచ్చింది. పత్రాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఫైల్లో రెండో కాగితం వెనకాలే ఉంచింది. ఇక ఆ మాట ఈ జన్మలో అనక్కర్లేదు.

*

సామాను రెండు పెట్టెలు. ఒక్కోటి ఇరవై మూడు కిలోలు దాటకూడదు. ఇంట్లో కాటా లేదు కాబట్టి, పెట్టెల్ని ఆటోలో వేసుకుని కొబ్బరి వ్యాపారి భీమరాజు కొట్టుకి తీసుకెళ్ళారు. భీమరాజు వాటిని ఎండుకొబ్బరి తూచే కాటా మీద పెట్టి, ముల్లు ఆగేదాకా చూసి, "ఇరవై నాలుగున్నర. తరుగు తీస్తే ఇరవై మూడండి," అన్నాడు.

"తరుగేమిటి, బట్టలకి?" అంది సూర్యకుమారి.

"పచ్చళ్ళున్నాయి కదండీ. తేమ ఉంటుంది. వాళ్ళు మాత్రం తియ్యరా?"

నలభై ఏళ్ళు ఆదినారాయణ కొబ్బరికి తరుగు తీసిన మనిషి. ఆయన మాట కాదనడానికి ఆవిడకి మనసొప్పలేదు. (హైదరాబాదు విమానాశ్రయంలో వాళ్ళు తరుగు తియ్యలేదు. వ్యాంకూవరులో ఎవరి తోడల్లుడికో ఇమ్మని పక్కింటివాళ్ళిచ్చిన మాగాయ వెనక్కి వచ్చేసింది. తమ ఊరికి కాకినాడ ఎంతో, టొరంటోకి వ్యాంకూవరు అంతే దూరమని వాళ్ళనుకున్నారు.)

బయల్దేరే పొద్దున్న రాజ్యం నాలుగింటికే వచ్చి ఫైలు తీసి బల్ల మీద పెట్టింది. కొత్త కాగితానికి పసుపు పెట్టకుండా గడప దాటించకూడదు. అట్ట నాలుగు మూలలా పెట్టింది. పాస్‌పోర్టు మీద కూడా పెట్టబోతే సూర్యకుమారి చెయ్యి పట్టుకుంది. అప్పుడు ప్లాస్టిక్ కవరు కనపడింది.

"ఇదేమిటే? పసుపు పెట్టిన మంచి కాగితాల్లో ఈ కాగితం ఉంటుందా?"

"ఆఫీసరుకి ఇవ్వాలి వదినగారూ. ఉండనివ్వండి."

"ఆయ్, ఉండనీ," అంది రాజ్యం. సూర్యకుమారి స్నానానికి వెళ్ళింది.

ఎదురు ఎవరు రావాలి అన్నది తర్వాతి సమస్య. ముత్తైదువ ఎదురొస్తే మంచిది. వెళ్ళేది పసుపు కుంకుమలు పోయిన మనిషి, అలాంటప్పుడు ముత్తైదువ రావచ్చా అని ఎవరికో అనుమానం వచ్చింది. రాజ్యం కూడా భర్త పోయినదే కాబట్టి రానంది. చివరికి యేసురత్నం మాస్టారు, "మాకు పట్టింపు లేదండీ," అని మోపెడ్ స్టాండు తీసి, వీధి చివరి నుంచి మెల్లిగా ఎదురొచ్చారు. హారన్ కొట్టాలా వద్దా తెలియక ఒక్కసారి కొట్టారు.

"అన్నీ వచ్చేసినట్టేనండీ మీకు," అన్నారు కారు అద్దం దగ్గరకొచ్చి. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటున్నారు.

రాజ్యం కొడుకు గోపీకృష్ణ కారు నడుపుతున్నాడు. రావులపాలెం దాటి జొన్నాడ వంతెన మీద అడక్కుండానే కారు నెమ్మది చేశాడు. సూర్యకుమారి అద్దం దించి గోదాట్లో రూపాయి బిళ్ళ వేసింది. అక్కడే జూన్‌లో అస్థికలు కలిపారు. గోపీకృష్ణ "అత్తా," అని ఏదో అనబోయి, అద్దం ఎత్తేయమన్నాడు. ఏసీ వేసి ఉందన్నాడు.

*

టొరంటోలో దిగేసరికి తేదీ ఫిబ్రవరి పన్నెండు. వరసలో గంటంబావు నిలబడ్డాక సూర్యకుమారి వంతు వచ్చింది. బల్ల అవతల ఆఫీసరు ఆడమనిషి. మాస్టారు "సర్" ఒక్కటే నేర్పారు. సూర్యకుమారి అప్పటికప్పుడు ప్రతి జవాబులోనూ దాన్ని మేడమ్ చేసుకోవలసి వచ్చింది. పేరు, తేదీ, చిరునామా సరిగానే వెళ్ళాయి. పికిల్, పౌడర్ వెళ్ళాయి. ఆవిడ దయచేసి అనలేదు గాని, చిన్నగా నవ్వింది.

తర్వాత కంప్యూటరు చూసి, రెండు వేళ్ళెత్తి, ఏదో అడిగింది. అందులో 'హజ్బెండ్' ఒక్కటే సూర్యకుమారికి తెలిసింది. అది చాలు. ఏడో ప్రశ్న.

ఫైలు తెరిచింది. మొదటి కాగితం ఉంది. రెండోది ఉంది. దాని వెనకాల ప్లాస్టిక్ కవరు లేదు. కవరు ఉండవలసిన చోట చిటికెడు పసుపు పొట్లం ఉంది.

ఏం జరిగిందో సూర్యకుమారికి వెంటనే అర్థమైంది. రాజ్యం పారెయ్యదు. తమ్ముడి కాగితం. ఎక్కడో పెద్ద పెట్టెలో, బట్టల అడుగున, తెల్ల గుడ్డలో చుట్టి పెట్టి ఉంటుంది. పెట్టెలు ఈ బల్ల దాటితే గాని రావు. ఈ మాట చెబితే గాని బల్ల దాటనివ్వరు.

ఆఫీసరు మళ్ళీ అడిగింది. ఈసారి సూర్యకుమారి వెనకాల ఖాళీగా ఉన్న చోటు వైపు చూస్తూ అడిగింది. సూర్యకుమారి కూడా వెనక్కి తిరిగి చూసింది. తోడొచ్చేవాడు నిలబడవలసిన చోటు అది.

చెప్పడానికి ఇక్కడ ఆడపడుచు లేదు. గోపీకృష్ణ లేడు. మాస్టారు ఈ ప్రశ్న దాటించి ఎనిమిదికి వెళ్ళరు. అందరూ ఆవిణ్ణి ఎంత జాగ్రత్తగా చూసుకున్నారంటే, ఆ ఒక్క మాటకి ఇంగ్లీషు కూడా నేర్పలేదు.

కాని ఒక మాట ఆవిడకి తెలుసు. తోటలో మోటారు కాలిపోయినప్పుడల్లా మెకానిక్ దానం వచ్చి, మూత విప్పి, చెయ్యి తుడుచుకుంటూ అనేవాడు. మోటారుకి వాడే మాట మనిషికి వాడొచ్చో లేదో తెలియదు. వేరేది లేదు.

"హజ్బెండ్ డెడ్, మేడమ్."

అది సరిపోయినట్టు అనిపించలేదు. దానం గొంతులా వినపడింది. అందుకని తెలుగులో కూడా చెప్పింది.

"మా ఆయన చచ్చిపోయేరండీ. జూన్ నెలలో. నూతి దగ్గర."

ఆఫీసరుకి తెలుగు రాదు. అయినా కంప్యూటరు మీద చెయ్యి ఆపి వింది. తర్వాత అయామ్ సారీ అంది. ఫోను తీసి ఎవరితోనో మాట్లాడింది. కంప్యూటర్లో వెతికితే దుర్గాశ్రీ రాసిన ఉత్తరం దొరికింది. ఏ తేదీ అని అడిగింది. సూర్యకుమారి చెప్పింది. రెండూ సరిపోయాయి.

రెండో కాగితం మీద అడ్డంగా గీత గీసి, ముద్ర కొట్టి, పక్కనున్న ట్రేలో పెట్టింది. ఆదినారాయణ ట్రేలోంచి మెడదాకా గుండీ పెట్టుకుని చూస్తున్నాడు. మొదటి కాగితం ఇటు తిప్పి పెన్ను ఇచ్చింది. సూర్యకుమారి తెలుగులో, ఒక్కో అక్షరమే, సంతకం పెట్టింది.

ఎనిమిదో ప్రశ్న. ఇక్కడ శాశ్వతంగా ఉంటారా?

సూర్యకుమారి కొంచెం ఆలోచించింది. ఈ దేశంలో ఆవిడ మాట్లాడిన మొదటి పదినిమిషాల్లో, ఎనిమిది నెలలుగా గొంతులో ఉన్నది బయటికొచ్చింది. అక్కడ ఎవరూ రానిచ్చేవాళ్ళు కాదు. ప్రేమతోనే.

"ఎస్ మేడమ్," అంది. మూడు రాత్రుల మాట ఎత్తలేదు.

*

బయట దుర్గాశ్రీ పెద్ద కోటు పట్టుకుని నిలబడి ఉంది. తల్లికి అది తొడిగి, గుండీలు పెట్టి, పెట్టెల బండి తోసుకుంటూ అడిగింది.

"అమ్మా, ఆ సర్టిఫికెట్ చూపించేవా?"

"లేదే. మీ అత్త తీసేసి పెట్టెలో పడేసింది."

"అయ్యో! మరి ఎలా వదిలేరు నిన్ను?"

"నేనే చెప్పేను."

"ఏం చెప్పేవు?"

"నాన్న చచ్చిపోయేడని చెప్పేను."

దుర్గాశ్రీ బండి ఆపేసింది. వెనకాల వస్తున్న బండ్లు కూడా ఆగిపోయాయి. ఒకాయన పక్కనుంచి తోసుకుంటూ వెళ్ళాడు. దుర్గాశ్రీ అక్కడే, దారికి అడ్డంగా, తల్లి కోటు కాలరులో మొహం పెట్టుకుని ఏడ్చింది. సూర్యకుమారి బండి పట్టుకుని నిలబడింది. దాని మీద రెండు పెట్టెలున్నాయి, ఎవరో ఒకరు పట్టుకోవాలి.

కాసేపటికి కారు దగ్గరికి నడిచారు. కార్లు పెట్టే చోట, గట్టు పక్కన, ఒక సన్నటి చెట్టు ఉంది. ఒక్క ఆకు లేదు. కొమ్మల మీద గీతలు గీసినట్టు మంచు ఉంది.

"ఇది బతికే ఉందా?" అంది సూర్యకుమారి.

"బతికే ఉందమ్మా."

"మీ నాన్న నమ్మలేదు," అని, కోటు చేతుల్లోంచి వేళ్ళు బయటికి తీసి, గోటితో బెరడు కొంచెం గీకింది. వంగి చూసింది.

పచ్చగానే ఉంది.

"ఊఁ," అంది. "ఒప్పుకునేవాడు."